‘మేము’ అనడం రాని వదిన

మూడు రోజుల కింద పొద్దున ఢిల్లీ నుంచి ఫోన్ వచ్చింది. మయూర్ విహార్‌లో మేమున్న రోజుల్లో మా కింది ఫ్లాట్‌లో ఉండిన అన్నయ్యగారు. గొంతు బాగా నీరసించిపోయింది. పేరు చెప్పాక గాని గుర్తుపట్టలేకపోయాను.

“మీ వదిన పోయిందమ్మా,” అన్నారు. “నిద్రలోనే. పెద్దగా బాధపడలేదు.”

ఆయనే మళ్ళీ అందుకున్నారు. అక్కడి తెలుగు సంఘం పత్రికలో ఆమె గురించి నాలుగు వాక్యాలు వేస్తామన్నారట. “పుట్టిన చోటు దగ్గర ఆగిపోయానమ్మా. యుగోస్లావియా అని చెప్తే, అంకుల్, ఆ పేరుతో దేశం లేదుగా అంటాడు ఆ పత్రిక అబ్బాయి. బోస్నియా అని వేయిస్తే ఆవిడ ఒప్పుకునేది కాదు, నీకు తెలుసుగా. ఏం వేయమంటావు?”

సాయంత్రం చెప్తానన్నాను. ఆ సాయంత్రం దాటిపోయింది, తర్వాత ఇంకో రెండు సాయంత్రాలు కూడా. ఆ ఒక్క ముక్క తేలక ఇదంతా రాస్తూ కూర్చున్నాను.

నాకు ఢిల్లీ బదిలీ అయింది రెండువేల ఒకటిలో. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అసిస్టెంటు ఉద్యోగం. సరోజినీ నగర్‌లో క్వార్టర్ వస్తుందని ఆశపెట్టారు గాని, మన వంతు వచ్చేసరికి రిటైరవుతామని ఆఫీసులో వాళ్ళే నవ్వారు. మయూర్ విహార్‌లో అద్దెకు దిగాం. జూన్ నెల. సామాను ఇంకా లారీ దిగలేదు, కరెంటు లేదు, మా ఆయన లారీవాళ్ళతో గొడవపడుతున్నాడు. నేను ఖాళీ గదిలో గోడకి ఆనుకుని కూర్చున్నాను. తలుపు దగ్గర ఒక మనిషి వచ్చి నిలబడింది. తెల్లటి మనిషి, నీలం కళ్ళు, నేత చీర, నెరుస్తున్న జుట్టు ముడి వేసుకుంది. లోపలికి వచ్చేముందు గుమ్మం చెక్క మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం ఆగింది.

“ఏమ్మాయ్, నీళ్ళు పట్టుకున్నారా? ఇంకాసేపు పోతే పంపు ఆగిపోద్ది,” అంది.

అచ్చం తెనాలి మాట. నేను కంగారుపడి ఇంగ్లీషులో జవాబు చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది. “ఇంగ్లీషు నాకు సరిగ్గా రాదు. తెలుగులో చెప్పు.”

వరంగల్ నుంచి వచ్చిన నాకు ఢిల్లీలో మొదటి తెలుగు మాట అలా వినపడింది.

ఎవరింటికి వెళ్ళినా గుమ్మం మీద అలా చెయ్యి వేసేది. లోపలికొచ్చాక తలుపుకి దగ్గరగా ఉన్న కుర్చీలోనే కూర్చునేది. ఎంత చెప్పినా సోఫాలోకి రాదు. రొట్టె ముక్క కింద పడితే తీసి కళ్ళకద్దుకునేది. అది అత్తగారి దగ్గర నేర్చుకుందా, పుట్టింట్లో నేర్చుకుందా అని అడిగితే, “రెండు చోట్లా అంతే,” అంది.

మా పాకెట్‌లో, అంటే మా ఫ్లాట్ల సముదాయంలో, పిల్లలు ఆమెని రష్యన్ ఆంటీ అనేవాళ్ళు. గేటు దగ్గర కాపలా ఉండే భయ్యాకి మేమ్‌సాబ్. కూరగాయల బండి దగ్గర ఎవరైనా కొత్తవాళ్ళు “ఆప్ కహాఁ సే హైఁ?” అని ఊరడిగితే, ఆమె దేశం పేరు చెప్పేది కాదు. “ఊనా,” అనేది. ఊనా ఆమె ఊరి పక్క నది. బండి చుట్టూ ఉన్నవాళ్ళు వెంటనే, “అచ్ఛా, హిమాచల్!” అనేవాళ్ళు. ఆ రాష్ట్రంలో ఆ పేరుతో ఒక ఊరుంది. “హా జీ,” అని ఆమె బెండకాయలు ఏరుకునేది. కొండప్రాంతం వాళ్ళు తెల్లగా ఉంటారు కదా అని జనానికి సరిపోయేది. నేను పక్కనుండి నవ్వు ఆపుకుంటుంటే, “ఎందుకు నవ్వుతావు? అక్కడా కొండలే. చల్లటి నీళ్ళే. వాళ్ళకి అర్థమైంది కదా,” అనేది.

అన్నయ్యగారు ఇంజనీరు. డెబ్బైల్లో ఆనకట్టల పని నేర్చుకోవడానికి ప్రభుత్వం యుగోస్లావియా పంపితే, అక్కడి ఆఫీసులో టైపు చేసే ఈమెని పెళ్ళిచేసుకుని వచ్చారు. ఆయన తల్లి తెనాలి ఇంట్లో కొంతకాలం కోడలితో ఒక్క మాటా మాట్లాడలేదట. “తర్వాత ఒకరోజు పాలు పొంగిపోయాయి. అప్పుడు తిట్టడం మొదలెట్టింది. ఏమని తిడుతుందో తెలియకపోతే ఎట్టా? అందుకని నేర్చుకున్నా,” అని చెప్పేది. ఆ అత్తగారే తర్వాత ఢిల్లీ వచ్చి, కోడలి చేతి అన్నం తిని, కోడలి చేతుల్లోనే పోయింది. ఆమె తెలుగంతా ఆ ముసలావిడదే. అందుకే నన్ను, మా ఆయన్ని, ఆఖరికి తనకంటే పెద్దవాళ్ళని కూడా అమ్మాయ్, అబ్బాయ్ అనే పిలిచేది.

ఒక్కటి మాత్రం ఆమెకి చివరిదాకా పట్టుబడలేదు. మనకి మనం వేరు, మేము వేరు కదా. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఆమె భాషలో రెంటికీ ఒకటే మాటట. అందుకని అన్నిటికీ మనం అనేసేది. “నిన్న మనం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం,” అనేది. నేను ఎప్పుడు వెళ్ళానా అని ఆలోచించుకునేదాన్ని. “మన ఆయన ఇంకా లేవలేదమ్మాయ్,” అని మెట్ల మీద నుంచి కేకేస్తే, మా పక్కింటి తమిళావిడకి కూడా నవ్వొచ్చేది. నేను సరిదిద్దబోతే, “ఒక్క మాట ఉంటే సరిపోదా? రెండు ఎందుకు?” అనేది.

‘మనవాళ్ళు’ అనే మాట మాత్రం ఆమెకి గిట్టేది కాదు. దాని సంగతి ఆమెకి ఎవరు చెప్పారో గాని, బాగానే తెలుసు.

ఆదివారాలు అప్పుడప్పుడు రెండు కుటుంబాలం కలిసి అశోకా రోడ్డు వెళ్ళి భోంచేసేవాళ్ళం. అక్కడి రాష్ట్ర ప్రభుత్వ భవనంలో పప్పు, పులుసు, గోంగూర పచ్చడి దొరికే క్యాంటీను. కూపన్లు తీసుకుని వరసలో నిలబడాలి. ఒకసారి మా ముందు నిలబడ్డ పెద్దమనిషి, ఏదో శాఖలో పెద్ద ఆఫీసరట, మా ఆయన్ని మాటల్లో పెట్టాడు. ఏ ఊరు, ఇంటిపేరు ఏమిటి, వాళ్ళు మీకేమవుతారు, వీళ్ళు మీకేమవుతారు అని చుట్టూ తిప్పి, చివరికి గొంతు తగ్గించి, “అయితే మనవాళ్ళేనన్నమాట,” అన్నాడు.

వెనక నుంచి ఈమె అడిగింది. “మనవాళ్ళంటే ఎవరండీ?”

ఆయన తిరిగి చూసి, ఆ మొహంలోంచి ఆ తెలుగు రావడం చూసి నవ్వాడు. “అంటే, మన తెలుగువాళ్ళని అమ్మా.”

“నేను?”

“మీరు కూడాను.”

“అలాగైతే ఇంటిపేరు ఎందుకు అడిగారు?”

ఎగతాళిగా కాదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. పెద్దమనిషి కూపన్లు సర్దుకుంటూ ముందుకి తిరిగాడు. భోజనాల దగ్గర అన్నయ్యగారు ఆమెని మెల్లగా మందలించారు. ఆమె చారు కలుపుకుంటూ అంది. “మన ఊళ్ళో కూడా ఇంటిపేరుతోనే మొదలెట్టారు. అంతకుముందు ఇంటిపేర్లు పోస్టువాడికి తప్ప ఎవరికీ అక్కర్లేదు.”

‘మన ఊరు’ అంటే తెనాలి కాదని అర్థమవడానికి నాకు కాసేపు పట్టింది.

ఆ ఊరి సంగతి ఆమె ఒక్కచోట కూర్చుని ఎప్పుడూ చెప్పలేదు. కొంచెం అన్నయ్యగారు చెప్పారు, కొంచెం ఆమె చెప్పింది. ఆమె తల్లిది ఒక మతం, తండ్రిది ఒక మతం. ఏది ఎవరిదో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఇంట్లో రెండు పండగలూ జరిగేవి. యుద్ధం వచ్చినప్పుడు తల్లి అప్పటికే లేదు. తండ్రి ఇంటి గేటు దగ్గరే చనిపోయాడు. తమ్ముణ్ణి పట్టుకెళ్ళి చాలా నెలలు ఒక కార్ఖానాలో బంధించారు. తర్వాత విడిచిపెడితే స్వీడన్ చేరాడు. ఆ రోజుల్లో ఈమె బాల్కనీలో బట్టలారేసే తీగకి రేడియో ఏరియల్ కట్టి, చెవి దగ్గర పెట్టుకుని కూర్చునేదట. “ఊరి పేర్లు చదువుతారు కదమ్మా, తన ఊరు వస్తుందేమోనని. వస్తే ఒక భయం, రాకపోతే ఒక భయం,” అన్నారు అన్నయ్యగారు.

నేను ఢిల్లీ వచ్చేనాటికి యుద్ధం ఆగి చాలాకాలమైంది. ఆగిపోయాక ఏమవుతుందన్నది నేను ఎప్పుడూ ఆలోచించలేదు. యుద్ధం అయిపోయిందంటే ఇక ఎవరింట్లో వాళ్ళుంటారనుకున్నాను.

రెండువేల మూడులో తమ్ముడు ఫోన్ చేశాడు. యుద్ధానికి ముందు ఇల్లు ఎవరిదో వాళ్ళకే తిరిగి ఇవ్వాలని అక్కడ చట్టం వచ్చింది. ఇప్పుడు అందులో ఉన్నవాళ్ళు ఖాళీ చేసి తీరాలి. తండ్రి ఇల్లు కాబట్టి ఇద్దరికీ హక్కు. తమ్ముడు ఆ ఊళ్ళో మళ్ళీ అడుగుపెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. అక్క వెళ్ళి పని చూసుకురావాలి. సెప్టెంబర్‌లో ఆమె బయల్దేరింది. అన్నయ్యగారికి షుగరు, గుండె జబ్బు రెండూ ఉన్నాయి. ఆయన అన్నం పప్పు నాకు అప్పజెప్పి, “మన ఆయన్ని చూసుకో అమ్మాయ్,” అని వెళ్ళింది.

నెల తర్వాత వచ్చింది. ఏమైందంటే, “బాగానే ఉంది. ఇల్లుంది,” అంది, అంతే. దీపావళి అయింది. చలి మొదలైంది. ఢిల్లీలో చలికాలం ఆడవాళ్ళంతా మధ్యాహ్నం డాబా మీద ఎండలో చేరి పచ్చి బఠానీలు ఒలుస్తారు. ఒక శనివారం మేమిద్దరమే పైన ఉన్నాం. ఎండ పల్చగా ఉంది. బఠానీలు ఒలుస్తూ ఒలుస్తూ తనంతట తనే మొదలుపెట్టింది.

“ఊరు అక్కడే ఉందమ్మాయ్. వంతెన ఉంది, బడి ఉంది. మనుషులు లేరు. వేరే ఊరి మనుషుల్ని తెచ్చి అక్కడ పోసినట్టుంది. వీధి పేర్లు కూడా మార్చేశారు. రొట్టెల కొట్టు ఎటు అని పాత పేరుతో అడిగితే, ఆ పిల్లాడు నన్ను చూసి, ఏ దేశం నుంచి వచ్చారన్నాడు.”

“ఇంట్లో ఎవరున్నారు?”

“ఒక ముసలామె. కోడలు. మనవరాలు. నేను గేటు తీయగానే ముసలామె గుమ్మంలోకి వచ్చింది. ఎవరు కావాలని అడగలేదు. ‘రా అమ్మాయ్, లోపలికి రా, బయట చలిగా ఉంది. నువ్వు ఎప్పుడో ఒకప్పుడు వస్తావనుకున్నా’ అంది.”

ఆమె చెబితే ఆ దేశపు ముసలామె కూడా తెనాలి మాటే మాట్లాడేది. నేను ఆ ముసలామెని ఇప్పటికీ నేత చీరలోనే ఊహించుకుంటాను.

“గోడల మీద ఫోటోలన్నీ తీసి, దుప్పటిలో చుట్టి, అటక మీద పెట్టింది. పారెయ్యలేదు. తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మన అమ్మ కప్పుల్లో కాఫీ ఇచ్చింది. నేను పదేళ్ళ నుంచి వాళ్ళని ఏమనాలో అన్నీ మనసులో పెట్టుకుని ఉన్నా. అప్పుడు ఆమె అడిగింది. ‘ఎప్పటిలోగా వెళ్ళాలి మేము?’ అని.”

చేతిలో కాయ అలాగే పట్టుకుంది.

“మరి మీరేమన్నారు?”

“కాఫీ బాగుందన్నా.”

ఆ ముసలామె కుటుంబం ఎవర్నీ వెళ్ళగొట్టి రాలేదు. వాళ్ళది ఇంకో ఊరు. అక్కణ్ణుంచి వాళ్ళని ఇంకొకళ్ళు తరిమారు. కొడుకు యుద్ధంలో పోయాడు. వాళ్ళ ఇంట్లో ఇప్పుడు ఉంటున్నవాళ్ళు ఇంకో చోట ఇల్లు కాలిపోయి వచ్చినవాళ్ళు. వీళ్ళని ఖాళీ చేయిస్తే వీళ్ళు వెళ్ళి వాళ్ళని ఖాళీ చేయించాలి. వాళ్ళు వెళ్ళడానికి చోటు లేదు. ఖాళీ చేయించినా, ఆ పాత ఊళ్ళో ఇప్పుడు తమవాళ్ళు ఒక్కరూ లేరు, ముసలామె అక్కడ ఒంటరిగా ఎలా బతకాలి? అందరూ అలాగే చేస్తున్నారట. ఇల్లు తిరిగి తీసుకోవడం, అమ్మెయ్యడం, తమ మతంవాళ్ళున్న వైపుకి వెళ్ళిపోవడం. “యుద్ధం చెయ్యలేకపోయింది కూడా ఇప్పుడు సంతకాలతో అయిపోతోంది,” అంది.

ఎదురింట్లో మాత్రం చిన్నప్పుడు ఆమెతో బడికి వెళ్ళినామె ఇంకా ఉంది. వీధిలో కనపడితే తల తిప్పుకుంది. మర్నాడు పెరటి వైపు నుంచి వచ్చి ఈమెని పట్టుకుని ఏడ్చింది. ముందు గుమ్మంలోంచి వస్తే నలుగురూ చూస్తారని అలా వచ్చానంది.

ఈమె ఆఫీసుకి వెళ్ళి ఇల్లు తండ్రి పేరనే రాయించింది. దాంతోపాటు, ముసలామె బతికున్నంతకాలం అందులోనే ఉండొచ్చని కూడా రాసి సంతకం పెట్టింది. తమ్ముణ్ణి అడగలేదు. ఢిల్లీ వచ్చాక ఫోన్‌లో చెప్పింది.

“ఏమన్నాడు?”

“మంచిమాటే అన్నాడు. నాన్న ఆ గేటు దగ్గర పడ్డప్పుడు నువ్వెక్కడున్నావు అన్నాడు. ఢిల్లీలో. నన్ను కార్ఖానాలో నిలబెట్టి కొడుతున్నప్పుడు ఎక్కడున్నావు? ఢిల్లీలో. దయ చూపించడం నీకు తేలిక అన్నాడు. నిజమే కదా?”

నేను ఇంకో గుప్పెడు కాయలు ముందుకి లాక్కున్నాను.

“‘మేము వేరు, నువ్వు వేరు. మమ్మల్ని వెళ్ళగొట్టారు, నిన్ను కాదు,’ అన్నాడు. వాడు మన భాషలోనే అన్నాడు. మన భాషలో ఒకటే మాట కదా. అయినా నాకు అప్పుడు తెలిసింది.” బఠానీలు గిన్నెలో వేసి తొక్కలు పక్కకి నెట్టింది. “అత్తగారు ఇరవై ఏళ్ళు చెప్పినా తలకెక్కలేదు. మేము అంటే, నువ్వు కాక మిగతావాళ్ళం అని.”

ఎండ గోడ దాటిపోయింది. “లే అమ్మాయ్, చలి,” అని గిన్నె తీసుకుని దిగిపోయింది. తెలిసిందంది గాని, ఆ తర్వాత కూడా మెట్ల మీద ‘మన ఆయనే’. అలవాటు పోలేదు.

తమ్ముడు ఆ రోజు ఫోన్ పెట్టేశాక మళ్ళీ మాట్లాడలేదు. ఆమెకి పుట్టింటి తరఫున మిగిలింది అతనొక్కడే. పండగలకి ఈమె చేసేది, అటు ఎత్తేవాళ్ళు కాదు. ఎత్తితే అతని భార్య ఎత్తి, ఆయన బయటికెళ్ళాడనేది. అతని మీద ఆమెకి కోపం ఉండేది కాదు. ఉంటే బాగుండేదేమో. అలసట ఉండేది. ఫోన్ పెట్టేసి కాసేపు అరచేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళేది.

తమ్ముడు మాట్లాడటం మానేశాక, ముసలామె మాట్లాడటం మొదలుపెట్టింది. విచిత్రంగా ఉండేది అది. నెలకోసారి అటు నుంచి ఫోన్. పైకప్పు పెంకు ఒకటి కదిలింది, మార్పించమంటావా? రేగుపళ్ళలాంటి పళ్ళు కాసే చెట్టు ఉంది, కొమ్మ గోడ మీదికి వచ్చింది, కొట్టించమంటావా? ప్రతిదానికీ అనుమతి అడిగేది. “నీ ఇష్టం అని చెప్పినా వినదు. ఇంటివాళ్ళని అడగాలి కదా అంటుంది. నాకు చెట్టు సంగతేం తెలుసు? ఆ ఇల్లు వదిలి వచ్చి ముప్పై ఏళ్ళు,” అని విసుక్కునేది. కానీ ఫోన్ రావడం ఆలస్యమైతే రెండుసార్లు బాల్కనీలోకి, రెండుసార్లు హాల్లోకి తిరిగేది.

ఒక ఏడాది ఆమె పాత దేశంలోంచి ఇంకో ముక్క విడిపోయిందని టీవీలో వచ్చింది. నేను కిందికి పరిగెత్తి చెప్పాను. ఆమె వంకాయలు తరుగుతోంది. తలెత్తకుండా, “ఇంకా మిగిలిందా?” అంది. రెండేళ్ళకి మరో ముక్క. అప్పుడు ఆమాట కూడా అనలేదు. టీవీ గొంతు తగ్గించమంది.

రెండువేల ఎనిమిది ఎండాకాలంలో ముసలామె పోయింది. కోడలు ఫోన్ చేసింది. ఆమె, కూతురు ఆస్ట్రియా వెళ్ళిపోతున్నారు, అక్కడ ఎవరో పని ఇప్పిస్తామన్నారు. ఇల్లు శుభ్రం చేసి, ఫోటోలు మళ్ళీ గోడలకి తగిలించి వెళ్తున్నామని చెప్పింది.

ఆ ఆదివారం వదిన నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని తమ్ముడికి ఫోన్ కలిపింది. ఒంటరిగా చెయ్యడానికి ధైర్యం చాలలేదో ఏమో. ఈసారి అతనే ఎత్తాడు. ఆమె ఏదో రెండు వాక్యాలంది. తర్వాత అతను ఏదో అడిగాడు. ఆమె కిటికీ వైపు చూసి జవాబు చెప్పింది. ఇంకేదో అడిగాడు. ఇంకేదో చెప్పింది. అలా చాలాసేపు. గొంతులు పెరగలేదు, ఏడుపులు లేవు.

ఫోన్ పెట్టేశాక ఏమైందని అడిగితే చెప్పింది. “ఇల్లు ఖాళీ అయింది, ఇక నీ ఇష్టం అన్నా. ‘నాకు అక్కర్లేదు. నాకు ఎప్పుడూ ఇల్లు అక్కర్లేదు’ అన్నాడు.”

“మరి అంతసేపు ఏం మాట్లాడుకున్నారు?”

“అక్కడ ఎండలెలా ఉన్నాయన్నాడు. చెప్పా. లూ గాలి అంటే ఏంటన్నాడు, వడగాలి అని చెప్పా. కూలర్‌లో నీళ్ళెట్టా పోస్తారన్నాడు. అది కూడా చెప్పా.”

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఫోన్ వచ్చేది. ఎండలు, మంచు, మోకాళ్ళు. ఇంటి మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

మధ్యలో మా ఇళ్ళలో కూడా ఒక చలికాలం గడిచింది. రెండువేల తొమ్మిది డిసెంబరు. తెలంగాణ ఇస్తామన్నారు, తర్వాత ఆగమన్నారు. మా ఆయన, అన్నయ్యగారు ఎన్నో ఏళ్ళుగా పొద్దున్నే కలిసి పాల బూత్‌కి వెళ్ళేవాళ్ళు. ఒకరోజు మెట్ల మీదే మాటా మాటా అనుకున్నారు. “మా బాధ మీకు తెల్వది సార్, తెలుసుకోవాలని కూడ లేదు,” అన్నాడు మా ఆయన. “కలిసి కట్టుకున్నదాన్ని పగలగొడతామంటే చూస్తూ ఊరుకోవాలా?” అన్నారు అన్నయ్యగారు. మర్నాటి నుంచి ఒకరు ఆరింటికి వెళ్తే ఒకరు ఏడింటికి వెళ్ళారు.

నాలుగురోజులు చూసి వదిన పైకి వచ్చింది. గుమ్మం మీద చెయ్యి వేసి ఆగి, తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. “నీకు తెలంగాణ కావాలా అమ్మాయ్?”

ఆమె అడిగితే అబద్ధం చెప్పలేను. “కావాలి వదినా.”

“కావాలంటే అడుగు. ఊరికే ఎవరడుగుతారు?”

“మీ దగ్గర జరిగింది తలుచుకుని మీరేమైనా...”

“అది వేరు. దానితో కలపొద్దు,” అంది వెంటనే. “మీరు మాటలనుకుంటున్నారు. మాటలనుకుంటే ఎవరూ చావరు. మన దగ్గర మాటలు ముందే ఆగిపోయాయి. అందుకే ఎదురింటామె నన్ను చూడ్డానికి పెరటి వైపు నుంచి రావాల్సొచ్చింది.” తర్వాత మోకాలు రుద్దుకుంటూ లేచింది. “నాకు జ్వరంగా ఉంది, వంట చెయ్యలేదు. మన ఆయనకి అన్నం పంపు. మీ ఆయన చేత పంపు. నువ్వు రావొద్దు.”

జ్వరం లేదని నాకు తెలుసు. టిఫిన్ డబ్బా కట్టి మా ఆయన చేతికిచ్చాను. ఏదో గొణుక్కుంటూ దిగాడు. గంటైనా రాలేదు. నేను వెళ్ళి చూస్తే టీవీలో క్రికెట్ వస్తోంది. ఇద్దరూ రెండు చివర్ల కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చూస్తున్నారు. అంతకంటే ఏమీ తేలలేదు. ఆ విషయంలో ఇద్దరూ చివరిదాకా మనసు మార్చుకోలేదు. పాల బూత్‌కి మాత్రం మళ్ళీ కలిసే వెళ్ళారు.

ఆ మార్చిలో నాకు హైదరాబాద్ బదిలీ అయింది. వెళ్ళేముందు ఆదివారం సామాను సర్దడానికి వదిన వచ్చింది. పాత పేపర్లలో గాజు సామాను చుడుతున్నాం. కింద నుంచి అన్నయ్యగారు కేకేశారు, తమ్ముడి ఫోన్ అని. వెళ్ళి అరగంటకి వచ్చి మళ్ళీ నేల మీద కూర్చుంది.

“ఏమంటున్నాడు తమ్ముడు?”

“అక్కడ ఇంకా మంచు కరగలేదట. కుడి మోకాలు వాచిందట. మెంతులు నానబెట్టి తినమన్నా.”

కాసేపు ఇద్దరం పేపర్లు చింపుకున్నాం. తర్వాత, మెంతుల గురించి చెప్పినట్టే చెప్పింది.

“ఇంటి పైకప్పు కూలిపోయిందమ్మాయ్. ఈ ఏడు మంచు బరువుకి. మనుషులుంటే ఎప్పటికప్పుడు దులిపేవాళ్ళు. ఎదురింటామె ఫోన్ చేసి చెప్పింది.”

“అయ్యో. తమ్ముడికి చెప్పారా?”

“వాడికి తెలుసు. ఆమె ముందు వాడికే చేసింది. అక్కకి చెప్పొద్దు, తట్టుకోలేదు అన్నాడట. ఆమె ఉండబట్టలేక నాకూ చేసింది.”

“మరి ఇవాళ తమ్ముడేమీ అనలేదా?”

“అనలేదు. మంచు ఎక్కువగా ఉందన్నాడు.”

“మీరు?”

“ఇక్కడ అప్పుడే ఎండలు మొదలయ్యాయన్నా.”

ఆమె ఇంకో పళ్ళెం తీసుకుని, అంచులు విరగకుండా పేపరు రెండుసార్లు మడిచి చుట్టి, పెట్టెలో మిగతావాటి పక్కన నిలబెట్టింది.